కొత్తగా కట్టిన డ్యాక్: మొదట చప్పుడే లేదు, ఇప్పుడు పాట వెనక ‘గుమ్మ్’ మోత. సాయం కావాలి

పెన్నా_గట్టు (కడప)

అందరికీ నమస్కారం. వారం రోజులుగా దీని మీదే కూర్చున్నాను, ఇక నా వల్ల కావడం లేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్న దగ్గర అరవై దాకా క్యాసెట్లు ఉన్నాయి. మా జేజి పాడిన అన్నమయ్య కీర్తనలు, పెళ్లిళ్లలో పట్టిన నాదస్వరం, ఊరి భజనలు. పోయిన ఎండాకాలం అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పాత స్టీరియో యాంప్లిఫైయర్, రెండు చెక్క బాక్సులు ఇంకా బాగానే ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో (కింద ‘పై’ అన్నదల్లా ఇదే) పాటలు పెట్టి దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వినిపిస్తే, మెల్లగా పాడే చోట వెనక ఇసుక రాలినట్టు శబ్దం వస్తోంది. నాన్న ఒక్క మాట అన్నారు, “టేపు రికార్డరే బాగుండె కదరా” అని. అందుకే డ్యాక్, అంటే కంప్యూటర్‌లోని డిజిటల్ పాటను యాంప్లిఫైయర్‌కు పంపే సిగ్నల్‌గా మార్చే బోర్డు, కట్టాలనుకున్నాను.

పీసీఎం5102ఏ చిప్ ఉన్న ఊదా రంగు చిన్న బోర్డు తెప్పించాను. పై కాన్ఫిగ్ ఫైల్‌లో, ఏ బోర్డు తగిలించామో చెప్పే డీటీఓవర్లే లైను హైఫైబెర్రీ-డ్యాక్ అని రాశాను, పై సొంత ఆడియో లైనును ఆపేశాను. సౌండు కార్డులను చూపించే ఏప్లే కమాండుతో చూస్తే కార్డు కనబడుతోంది. పాట నడుస్తున్నట్టు టైము కూడా కదులుతోంది. కానీ యాంప్లిఫైయర్‌లో చప్పుడే లేదు. బోర్డు పోయిందా?

టంకం_కడ్డీ (కర్నూలు)

పోయి ఉండదు తమ్ముడూ. ఆ బోర్డు కొన్నవాళ్లలో చాలామంది మొదటి రోజు ఇక్కడే ఆగుతారు. ఒక సంగతి చెప్తాను. కార్డు కనబడినంత మాత్రాన బోర్డు బతికి ఉన్నట్టు కాదు. ఈ చిప్‌కూ పైకీ మధ్య మాటలేమీ నడవవు, పై పంపిస్తుంది, చిప్ తీసుకుంటుంది, అంతే. వైర్లన్నీ పీకేసినా ఏప్లేలో కార్డు అట్లాగే కనబడుతుంది.

ఏ వైరు ఏ పిన్నుకు పెట్టావో రాయి. బోర్డు వెనకవైపు ఫోటో పెట్టు.

పెన్నా_గట్టు (కడప)

5 వోల్టులు పై రెండో పిన్ను నుంచి, గ్రౌండ్ ఆరో పిన్ను నుంచి తీసుకున్నాను. బీసీకే (బిట్ల క్లాకు) 12కు, ఎల్‌సీకే (ఎడమ-కుడి చానెళ్ల క్లాకు) 35కు, డీఐఎన్ (పాట డేటా) 40కి. ఎస్‌సీకేకు (సిస్టమ్ క్లాకు) ఏం పెట్టాలో తెలియక వదిలేశాను. వెనకవైపు నాలుగు చిన్న ప్యాడ్లు ఉన్నాయి, ఒక్కో దానికి అటు హెచ్ ఇటు ఎల్ అని రాసి ఉంది. నా బోర్డులో ఏదీ టంకం పెట్టి రాలేదు, నేనే నాలుగింటినీ ఎల్ వైపు కలిపేశాను. ఫోటో పెట్టాను.

అనంత_తరంగం (అనంతపురం)

దొరికింది. మూడో ప్యాడు ఎక్స్ఎస్ఎంటీ, అంటే మ్యూట్ పిన్ను. అది ఎల్ వైపు ఉంటే చిప్ నోరు మూసుకునే ఉంటుంది. దాన్ని హెచ్ వైపుకు మార్చండి. మిగిలిన మూడూ ఎల్ వైపే సరి. ఒకటోది ఫిల్టర్, రెండోది డీ-ఎంఫసిస్, నాలుగోది ఫార్మాట్. ఆ నాలుగోది పొరపాటున హెచ్ వైపు పడితే పాట వస్తుంది కానీ చిరిగిపోయిన గుడ్డలా గరగరమంటుంది. ఎందుకంటే ఐటూఎస్‌లో, అంటే పై ఈ చిప్‌కు పాట పంపే పద్ధతిలో, డేటా ఒక బిట్ ఆలస్యంగా మొదలవుతుంది, హెచ్‌లో పెడితే చిప్ ఆ ఒక్క బిట్ ముందే చదవడం మొదలుపెడుతుంది.

ఎస్‌సీకేను గాల్లో వదలొద్దు. దాన్ని గ్రౌండ్‌కు కలిపితే చిప్ తనకు కావాల్సిన క్లాకును బీసీకే నుంచి తనే తయారు చేసుకుంటుంది. బోర్డు ముందువైపు ఎస్‌సీకే పక్కనే రెండు చిన్న ప్యాడ్లు ఉంటాయి, వాటి మధ్య చుక్క టంకం వేస్తే పని అయిపోతుంది.

ఇంకో చిట్కా, ఇది నేను మా పిల్లలకు ల్యాబులో చూపిస్తాను. పాట నడుస్తున్నప్పుడు మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఎల్‌సీకే పిన్ను మీద ఆనించండి. సుమారు 1.6 చూపిస్తే క్లాకు వస్తున్నట్టే. అది సగంసేపు 3.3లో, సగంసేపు సున్నాలో ఉండే చదరపు తరంగం కాబట్టి మీటరు సగటు చూపిస్తుంది. బీసీకే కూడా అంతే. సున్నా దగ్గరో 3.3 దగ్గరో నిలబడిపోతే వైరో, పిన్నో తప్పు. ఆసిల్లోస్కోప్ లేనివాళ్లకు ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.

పెన్నా_గట్టు (కడప)

సార్, వచ్చింది!!! పాట వచ్చింది!

మూడో ప్యాడు మార్చడానికే గంట పట్టింది. నా దగ్గరున్నది 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, దాని మొన జొన్న గింజంత ఉంది, ప్యాడు ఆవగింజంత. మొదటిసారి పీకబోతే టంకం కరిగి పక్క ప్యాడు మీదికి పాకింది. తర్వాత ఫ్లక్స్ బాగా పూసి, పాత స్పీకరు వైరులోంచి రాగి పోగులు తీసి ప్యాడు మీద పెట్టి వేడి చేశాను. పోగులు తళుక్కుమని టంకాన్ని పీల్చేసుకున్నాయి, కింద బంగారు రంగు ప్యాడు శుభ్రంగా బయటపడింది. అప్పుడు హెచ్ వైపు చిన్న చుక్క వేశాను. మీటరు పెడితే 3.3 చూపించింది. ఎల్‌సీకే మీద 1.63.

రాత్రి తొమ్మిదిన్నరకు జేజి గొంతు వచ్చింది. ఇసుక శబ్దం పోయింది. కానీ ఇప్పుడు కొత్తది పట్టుకుంది. వెనక ‘గుమ్మ్’ అని లావుగా ఒక మోత, దాని మీద సన్నగా ‘కుయ్య్’ అని ఇంకోటి. పాట ఆపినా ఉంటోంది. యాంప్లిఫైయర్ వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతోంది.

బెలుం_బాస్ (నంద్యాల)

బ్రో, ఆ బోర్డు వదిలెయ్. అది ఐదారు వందల సరుకు. ఈఎస్ఎస్ కంపెనీ చిప్ ఉన్న బోర్డు ఏదైనా తీసుకో, నాలుగైదు వేలు అవుతుంది గానీ క్లారిటీ అదిరిపోతుంది. నేను అదే చేశాను.

టంకం_కడ్డీ (కర్నూలు)

నీ బోర్డు మంచిదే అయ్యుండొచ్చు, కాదనను. కానీ ఇతని రోగం అది కాదు. 5102 చిప్ డైనమిక్ రేంజ్, అంటే అతి గట్టి శబ్దానికీ చిప్ సొంత రొదకూ మధ్య తేడా, 112 డెసిబెల్స్. ఇతను వినిపించేది క్యాసెట్ నుంచి ఎక్కించిన పాట, క్యాసెట్ సొంత హిస్సే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చెవికి వినబడేంత ‘గుమ్మ్’ ఈ చిప్ లోపల పుట్టదు. బయట నుంచి వస్తోంది. ఐదు వేల బోర్డు పెట్టినా అదే మోత వస్తుంది, పైగా ఈసారి ఏడుపు కూడా వస్తుంది. నలభై ఏళ్లుగా రేడియోలు, యాంప్లిఫైయర్లు బాగు చేస్తున్నాను, మోత ఎక్కడ పుడుతోందో తెలుసుకోకుండా సామాను మార్చినవాడు బాగుపడగా చూడలేదు.

రాగం_ప్రొద్దుటూరు

గుమ్మ్ అంటే గ్రౌండ్ లూప్ అన్నా. మా ఇంట్లో కూడా ఉండేది. యాంప్లిఫైయర్ ప్లగ్గులో పైనున్న లావు పిన్ను, అదే ఎర్త్ పిన్ను, తీసేసి పెట్టు. ఒక్క నిమిషంలో మోత పోతుంది. నేను రెండేళ్లుగా అట్లాగే వాడుతున్నా.

టంకం_కడ్డీ (కర్నూలు)

వద్దు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. రాగం అన్నా, నువ్వు కూడా ఇవాళే ఆ పిన్ను తిరిగి పెట్టు.

మోత పోయే మాట నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఆ యాంప్లిఫైయర్‌కు ఇనుప డబ్బా ఉంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఏనాడైనా కాలితే 230 వోల్టులు నేరుగా ఆ డబ్బా మీదికి వస్తాయి. ఎర్త్ ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుంది, మనిషి బతుకుతాడు. లేకపోతే వాల్యూమ్ తిప్పడానికి చెయ్యి పెట్టినవాడి గుండా పోతుంది. కడపలో ఇంట్లో పెద్దాయన ఆ యాంప్లిఫైయర్ ముందు కూర్చుని పాట వింటున్నాడు అని చదివాక నాకు ఈ మాట గట్టిగా చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. మోతకు వేరే మందు ఉంది, పోయిన ప్రాణానికి లేదు.

రాగం_ప్రొద్దుటూరు

అర్థమైంది అన్నా. రేపు పొద్దున్నే పిన్ను పెట్టిస్తాను. నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అనంత_తరంగం (అనంతపురం)

మంచి పని. ఇప్పుడు మోత సంగతి. పెన్నా గారూ, మీకు రెండు శబ్దాలు వస్తున్నాయి, రెండింటికీ కారణాలు వేరు కావచ్చు. లావుగా వచ్చేది కరెంటు మోత, మన సప్లై 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 దగ్గర ఉంటుంది. సన్నటి కుయ్య్ చార్జరు నుంచో పై నుంచో వచ్చేది. ఒకేసారి నాలుగు మార్చొద్దు, ఒక్కొక్కటే మార్చి ప్రతిసారీ రాసుకోండి.

ముందు యాంప్లిఫైయర్ వెనక ఆర్‌సీఏ పిన్నులు, అంటే డ్యాక్ నుంచి పాట వచ్చే వైర్ల పిన్నులు, రెండూ పీకి వినండి. అప్పుడూ మోత ఉంటే యాంప్లిఫైయర్‌లోనే దోషం, బహుశా ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. లేకపోతే పిన్నులు పెట్టేసి, పైని చార్జరు మీద కాకుండా పవర్ బ్యాంకు మీద నడపండి. ఆ తర్వాత పైకి తగిలించినవన్నీ, అంటే మౌసు, నెట్‌వర్క్ కేబులు, హెచ్‌డీఎంఐ, ఒక్కొక్కటే తీయండి. ప్రతి అడుగులోనూ ఏ శబ్దం పోయింది, ఏది మిగిలింది, అది రాయండి.

పెన్నా_గట్టు (కడప)

సార్, చేశాను. వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

ఆర్‌సీఏ పిన్నులు పీకితే యాంప్లిఫైయర్ పూర్తిగా నిశ్శబ్దం. బాక్సుకు చెవి ఆనిస్తే సన్నగా హిస్ తప్ప ఏమీ లేదు. అంటే దాని తప్పు కాదు.

పవర్ బ్యాంకు మీద పెడితే కుయ్య్ పోయింది. నిజంగా ఠక్కున పోయింది. కానీ గుమ్మ్ అట్లాగే ఉంది, ఏమాత్రం తగ్గలేదు. దాంతో అర్థం కాలేదు, ఎందుకంటే పవర్ బ్యాంకు గోడకు తగిలించింది కాదు కదా, ఇంక లూప్ ఎక్కడిది అని.

తర్వాత మౌసు తీశాను, ఏం లేదు. నెట్‌వర్క్ కేబులు నాకు లేదు. హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టి ఉంది, పాటలు ఎంచుకోవడానికి టీవీ తెరే వాడుతున్నాను. అది పీకగానే గుమ్మ్ ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ వచ్చింది. పది సార్లు పెట్టి పీకి చూశాను, నాన్న పక్కనే కూర్చుని “ఇప్పుడు ఉంది, ఇప్పుడు లేదు” అని చెప్తూ ఉన్నారు. టీవీ స్విచ్చి ఆపేసినా హెచ్‌డీఎంఐ తగిలించి ఉంటే మోత వస్తూనే ఉంది. అది నాకు అంతుపట్టలేదు.

టంకం_కడ్డీ (కర్నూలు)

టీవీకి కేబుల్ కనెక్షన్ ఉందా? స్తంభం నుంచి లోపలికి నల్ల వైరు వస్తుందా?

పెన్నా_గట్టు (కడప)

అవునన్నా, ఉంది. సెట్‌టాప్ బాక్సుకు వస్తుంది, అక్కడి నుంచి టీవీకి.

టంకం_కడ్డీ (కర్నూలు)

ఐపాయె. ఆ నల్ల వైరు పైన ఉండే అల్లిక జాలీ వీధి చివర ఎక్కడో ఒక చోట ఎర్త్ అయ్యి ఉంటుంది. అక్కడి నుంచి సెట్‌టాప్ బాక్సు, టీవీ, హెచ్‌డీఎంఐ, పై, నీ డ్యాక్, ఆర్‌సీఏ వైరు జాలీ, యాంప్లిఫైయర్ డబ్బా, దాని ఎర్త్ పిన్ను, మీ ఇంటి ఎర్త్ గుంత. పెద్ద చుట్టు తిరిగింది చూడు. వీధి ఎర్త్‌కూ ఇంటి ఎర్త్‌కూ మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, ఆ కరెంటు నీ పాట వైరు జాలీలోంచే పారుతుంది. యాంప్లిఫైయర్ దాన్ని కూడా పాటే అనుకుని పెంచుతుంది. టీవీ ఆపితే ఏం లాభం, తీగ తెగదు కదా.

టీవీ తెర మానేసి ఫోన్ నుంచే పాటలు ఎంచుకో, వైఫై ఉంటే చాలు, హెచ్‌డీఎంఐ అవసరమే లేదు. కచ్చితంగా టీవీ కావాలంటే ఆర్‌సీఏ వైరు మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, కానీ చవక వాటిల్లో బేస్ పలచబడుతుంది, నాకు నచ్చదు.

ఇంకోటి, యాంప్లిఫైయర్ డబ్బా మీద వేలు ఆనిస్తే జివ్వుమంటోందా?

పెన్నా_గట్టు (కడప)

మీరు చూసినట్టే చెప్తున్నారన్నా. వేలి వెనకవైపు మెల్లగా రాస్తే సన్నగా జివ్వుమంటుంది. ఎప్పటి నుంచో ఉంది, అందరికీ ఉంటుందేమో అనుకున్నాను.

టంకం_కడ్డీ (కర్నూలు)

ఉండకూడదు. మీ ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు. మన సీమ ఎండలకు నేల రాయిలా బిగుసుకుపోతుంది, ఏప్రిల్, మే వచ్చేసరికి గుంతలో తడి ఉండదు, బొగ్గు, ఉప్పు వేసి పెట్టింది కూడా పనిచేయదు. నువ్వు సాకెట్లో మీటరు పెట్టి చూడొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలువు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తాడు. నిండుగా వెలిగితే మంచిది, మసకగా వెలిగితే గుంతకు పని ఉంది.

పెన్నా_గట్టు (కడప)

పిలిపించాను. బల్బు చిమ్నీ దీపంలా వెలిగింది. ఇంటి వెనక గుంత మూత తీస్తే లోపల మట్టి పొడిపొడిగా ఉంది, ఎర్త్ పైపుకు తగిలించిన తీగ నట్టు దగ్గర పచ్చగా తుప్పు. ఆయన నట్టు విప్పి తీగ గీకి కొత్త బోల్టు వేశాడు, ఉప్పు, బొగ్గు కొత్తవి నింపాడు, నేను నాలుగు బిందెల నీళ్లు పోశాను. గంట తర్వాత బల్బు నిండుగా వెలిగింది. డబ్బా మీద జివ్వు లేదు. డ్యాక్ అడగడానికి వచ్చి ఇంటి ఎర్త్ బాగు చేసుకున్నాను, టంకం అన్నకు మా అమ్మ ప్రత్యేకంగా నమస్కారం చెప్పమంది.

ఇక కుయ్య్ మిగిలింది.

బెలుం_బాస్ (నంద్యాల)

చార్జరు మార్చు బ్రో. పవర్ బ్యాంకుతో పోయిందంటే అదే కదా. టంకం అన్నా, బోర్డు మార్చమన్నందుకు ఏమీ అనుకోవద్దు, ఇదంతా చదివాక నా సెటప్‌లో కూడా పీకి పెట్టి చూస్తున్నాను.

టంకం_కడ్డీ (కర్నూలు)

అనుకోవడానికేముంది, నేర్చుకునేవాళ్లమే అందరం.

చార్జరే అని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉందా? మీడియం వేవ్‌లో ఆకాశవాణి కడప పెట్టి, రేడియోను చార్జరు దగ్గరికి తీసుకుపో. చెడ్డ చార్జరైతే స్టేషన్ మీద గర్ర్ మని ఎక్కుతుంది. స్విచ్ మోడ్ చార్జరు లోపల కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతుంది, ఫిల్టర్ సరిగా లేకపోతే ఆ గోలంతా బయటికి పొక్కుతుంది, మీడియం వేవ్ రేడియో దాన్ని పట్టేస్తుంది. ఇంట్లో ఉన్న చార్జర్లన్నీ అట్లా చూడు, ఏది ఎంత గోల చేస్తుందో నీకే తెలుస్తుంది.

పెన్నా_గట్టు (కడప)

నాన్న రేడియోతోనే చూశాను. ఐదు చార్జర్లు. నేను పైకి వాడుతున్నది (ఒక పాత ఫోన్‌తో వచ్చింది కాదు, బస్టాండు దగ్గర కొన్నది) రెండు అడుగుల దూరం నుంచే వార్తలను మింగేసింది. పైకి దాని సొంత చార్జరు ఒకటి ఉంది, దాన్ని ఇన్నాళ్లు వేరే పనికి వాడుతున్నాం, అది జానెడు దూరంలోకి తెస్తే తప్ప ఏమీ వినబడలేదు. దాన్ని పెట్టాను. కుయ్య్ ముప్పావు వంతు తగ్గింది. రాత్రి అందరూ పడుకున్నాక వాల్యూమ్ బాగా పెంచితే కొంచెం ఉంది. దాన్ని కూడా తీసేయాలని ఉంది సార్, ఇంతదూరం వచ్చాక.

అనంత_తరంగం (అనంతపురం)

తీసేయొచ్చు. పై చార్జరు మీదే ఉండనీయండి, డ్యాక్ బోర్డుకు మాత్రం విడిగా 5 వోల్టులు ఇవ్వండి. 0-9 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు), 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7805 (5 వోల్టుల రెగ్యులేటర్). అంతే.

పైని కూడా ఇదే 7805 మీద నడపాలని చాలామంది చూస్తారు. లెక్క వేయండి. 9 వోల్టుల ఏసీ బ్రిడ్జి దాటాక సుమారు 11.3 డీసీ అవుతుంది. 7805 అందులో 6.3 వోల్టులు తినేస్తుంది. డ్యాక్ బోర్డు లాగేది కొద్ది పదుల మిల్లీఆంపులు కాబట్టి వేడి అర వాటు కూడా ఉండదు, హీట్‌సింక్ అక్కర్లేదు. అదే పై ఒక ఆంపియరు లాగితే ఆరు వాట్లు దాటుతుంది, మన ఎండల్లో డబ్బాలో పెడితే పొయ్యి వెలిగించినట్టే. కెపాసిటర్ 25 వోల్టులది వేయండి. 16 వోల్టులది చాలనిపిస్తుంది కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు ఎక్కువ ఇస్తాయి, రాత్రిపూట లైను వోల్టేజీ పెరిగితే 16 దగ్గరికి వెళ్తుంది.

పై నుంచి వచ్చే 5 వోల్టుల వైరు పీకేయాలి, గ్రౌండ్ వైరు మాత్రం ఉంచాలి. పై చార్జరునూ ఈ కొత్త సప్లైనూ ఒకే స్విచ్చి మీద పెట్టండి, డ్యాక్‌కు సప్లై లేకుండా పై మాత్రం ఆన్‌లో ఉంటే క్లాకు పిన్నుల గుండా చిప్‌లోకి కరెంటు ఎక్కుతుంది, అది మంచిది కాదు. 230 వైపు ఫ్యూజు, స్లీవు తప్పనిసరి, ఆ పక్క మాత్రం తెలిసినవాళ్ల చేత చేయించండి.

మీ ఐటూఎస్ వైర్లు ఎంత పొడవు?

పెన్నా_గట్టు (కడప)

జానెడున్నర సార్. డబ్బాలో బోర్డు ఒక మూల, పై ఇంకో మూల.

అనంత_తరంగం (అనంతపురం)

నాలుగు వేళ్ల వెడల్పుకు తగ్గించండి. ఒక్కో చానెల్‌కు 32 బిట్ల చొప్పున 44,100 నమూనాలు అంటే బీసీకే సెకనుకు 28,22,400 సార్లు ఊగుతుంది. ఆ వేగానికి పొడుగు వైరు యాంటెన్నా అవుతుంది. బీసీకే పక్కనే ఒక గ్రౌండ్ వైరు కలిపి మెలి తిప్పండి.

రాగం_ప్రొద్దుటూరు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఆ బోర్డులో 3.5 రంధ్రం ఉంది కదా, ఇయర్‌ఫోన్ నేరుగా పెట్టుకోవచ్చా?

టంకం_కడ్డీ (కర్నూలు)

పెట్టుకోకు. అది లైన్ అవుట్, 2.1 వోల్టులు ఇస్తుంది కానీ కరెంటు ఇవ్వలేదు. 32 ఓముల ఇయర్‌ఫోన్ దానికి మోయలేని బరువు, పాట పీక్కుపోయినట్టు వస్తుంది. మధ్యలో చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ ఉండాలి.

పెన్నా_గట్టు (కడప)

పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ దొరకడానికి టైము పట్టింది, 230 వైపు మా ఎలక్ట్రీషియన్ చేతే కట్టించాను. వైర్లు కుదించాను. కుయ్య్ పూర్తిగా పోయింది. పాట ఆపి, వాల్యూమ్ సగం దాటించి, బాక్సు ముందు కూర్చుంటే గోడ గడియారం వినబడుతోంది.

కానీ నిన్న జేజి క్యాసెట్ ఒకటి పెడితే వెనక మళ్లీ మోత. గుండె జారిపోయింది. హెచ్‌డీఎంఐ చూశాను, లేదు. చార్జరు చూశాను. పాట ఆపితే మోత ఆగుతోంది, వేరే పాట పెడితే లేదు. నాన్న కళ్లు మూసుకుని కాసేపు విని, “అది కరెంటు కాదురా, విసుర్రాయి” అన్నారు. మళ్లీ విన్నాను. నిజమే, గుండ్రంగా తిరుగుతోంది, మధ్యలో ఆగుతోంది, జేజి పాట చరణం మారినప్పుడల్లా ఒక పిడికెడు గింజలు పోసినంత సేపు. టేపు రికార్డరులో ఎప్పుడూ వినబడలేదు, లేదంటే మేమే పట్టించుకోలేదేమో. ఎవరు తిప్పుతున్నారో మాత్రం నాన్నకు గుర్తు రావడం లేదు, మా పెద్దత్త అయి ఉండొచ్చు అంటున్నారు. ఆదివారం ఆమెను పిలిచి వినిపిస్తాం.

టంకం_కడ్డీ (కర్నూలు)

ఆ ఫైలుకు నాయిస్ రిడక్షన్ అదీ ఇదీ పెట్టకు తమ్ముడూ. అట్లాగే ఉంచి ఇంకో చోట కూడా కాపీ దాచిపెట్టు. అత్తమ్మ ఏమన్నదో సోమవారం రాయి.